ఒక్క తప్పూ లేని పెట్టె

మేడ మీది గది,
ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడూ,

నువ్వు పంపిన ఇత్తడి వ్యాగన్ క్షేమంగా చేరింది. చేరీ చేరగానే నా బొమ్మ రైల్వే మొత్తాన్ని మట్టుబెట్టింది.

పార్శిల్ విప్పి, మురిసిపోయి, మన పద్ధతి ప్రకారం దాన్ని సరుకుల స్టేషన్లో పట్టాలెక్కించాను. అంతే, ఎక్కడి బండి అక్కడ ఆగిపోయింది. ప్లాట్‌ఫారం దీపాలు కూడా ఆరిపోయాయి. "ఏమిటే, మీ తమ్ముడు బాంబు గానీ పంపాడా" అని కింది నుంచి మీ బావ. ముందు ట్రాన్స్‌ఫార్మర్ కాలిందనుకున్నాను. తర్వాత వైర్ల మీద పడ్డాను. టేబుల్ కింద వెల్లకిలా పడుకుని ఒక్కో వైరూ ఊడదీసి చూశాను. సొరంగంలో పట్టా విరిగిందేమోనని కొండని కూడా పగలగొట్టాను. మా కట్టుడు పళ్ళ ల్యాబులో మిగిలిన ప్లాస్టర్ దాచుకుని, ఎవరి దవడలకో పోయాల్సిన ప్లాస్టర్‌తో నెలల తరబడి కట్టుకున్న కొండ అది. తీరా చూస్తే దోషం నీ వ్యాగన్‌ది. ముందు ఇరుసు తిరగేసి బిగించావు.

నీకు నేను చెప్పాలా? ఇరుసుకి ఒక పక్క చక్రం దగ్గర సన్నటి నల్ల రింగు ఉంటుంది, ఆ చక్రం నుంచి కరెంటు పాకదు. బండి కింద రింగులన్నీ ఒకే పక్కకి ఉండాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ పెడితే ఇత్తడి బండి రెండు పట్టాల్నీ కలిపేస్తుంది, షార్టయి లైనంతా చస్తుంది. ఇది నువ్వు నాకు నేర్పిన మొదటి పాఠం. చిన్నవాడివై ఉండి కూడా నెత్తి మీద మొట్టి మరీ నేర్పావు.

సరే, దాన్ని సరిచేసి, కట్టెల లోడు వేసి తిప్పి పంపుతున్నాను. నా లైను చివర నీ లైను మొదలవుతుందనీ, మధ్యలో ఉన్న దూరమంతా పార్శిల్ ఆఫీసే దాటించాలనీ, వచ్చిన బండిని సరుకు దించి తిప్పి పంపకపోతే మన మధ్య లైను మూసేసినట్టేననీ రూలు పెట్టింది నువ్వే కదా. స్కూలు బస్సులో ఆ పిల్లల అల్లరికి నీ బుర్ర వేడెక్కినట్టుంది. ఒక రోజు సెలవు పెట్టి పడుకో.

అక్క

*

బస్సుల షెడ్డు వెనక ఇల్లు,
గురువారం

అక్కా,

నీ కొండకి నా సంతాపం. నేను బతికుండగా నా చేతి బండి షార్టవుతుందని ఎవరైనా అంటే కొట్టేవాణ్ణి. ఆ రోజు మీ మరదలు పక్కన కూర్చుని వాళ్ళ పిన్నితో ఫోన్లో ఒకటే సోది. ఒక చెవి అటు వేసి బిగించాను, అదీ సంగతి. నేరం ఆవిడది, శిక్ష నాకు.

పెన్ను ఇంత లావుగా ఉందేమని అడగకు. సన్న పెన్ను ఎక్కడో పారేసుకున్నాను. పిల్లలు అట్టల మీద రాసుకునే పెన్నొకటి బస్సులో దొరికితే దాంతో రాస్తున్నాను.

నీ కట్టెలు దించుకున్నాను. వాటిని మోయడానికి నా చిన్న ఇంజన్ పడ్డ అవస్థ చూస్తే నవ్వాగదు. మలుపు దగ్గర కాసేపు ఊగి, ఏడ్చి, ఎలాగో ఎక్కింది. దాని చప్పుడు ఎంత బాగుందో. ఈ మధ్య కళ్ళు మూసుకుని చప్పుడు వింటూ కూర్చోవడం అలవాటైంది.

బస్సు సంగతి బాగానే ఉంది. పిల్లల్ని ఎక్కించి దించే ఆయమ్మ ఉండగా నాకేం దిగులు లేదు. ఆవిడ "రైట్" అంటే వెళ్తాను, "ఆపు" అంటే ఆపుతాను. ఈ పార్శిల్లో కొత్త నూనె ట్యాంకరు పంపుతున్నాను. ఇది మాత్రం తప్పు పట్టలేవు.

నీ తమ్ముడు

*

మేడ మీది గది,
మంగళవారం

తమ్ముడూ,

ట్యాంకరు చూశాను. తప్పు పట్టడం కాదు, పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఇరుసు మళ్ళీ తిరగబడి ఉంది. నంబరు ట్యాంకరు మీద మొదలై చట్రం మీదికి దిగిపోయింది. గోరంత స్థలంలో అక్షరాలు రాసేవాడివి, ఆ చెయ్యి నాకు తెలుసు. అతికిన చోట సీసం ముద్ద కట్టింది, పక్కన వేలు కాలిన గుర్తు లాంటి మరక. పొద్దున నీ కూతురికి ఫోన్ చేసి ఏదో మాట్లాడుతున్నట్టు మాట్లాడాను. నాన్న బాగున్నాడు అత్తా, గ్లాసులో నీళ్ళు పోస్తే మాత్రం సగం బల్ల మీదే పోతున్నాయి అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మన నాన్న గుర్తున్నాడు కదా. మొహంలోకి చూస్తే మొహం కనబడక, కోడిలాగా మెడ పక్కకి తిప్పి చూసేవాడు. మనం వెనక నుంచి వెక్కిరించేవాళ్ళం. నువ్వూ ఈ మధ్య ఫోటోలన్నిట్లో పక్కకి చూస్తున్నావు. ఇప్పుడు ఒకటొకటీ తీసి చూసుకున్నాను.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నీ చూపు ఎలా ఉంది? బండి పాడైతే నేను బాగుచేసుకుంటాను. నువ్వు నడిపేది బండి కాదు, బస్సు. దాని నిండా పిల్లలు.

ఫోన్లో అడగొచ్చు. అడిగితే నవ్వేస్తావు, నేను కరిగిపోతాను. కాగితం మీద నవ్వలేవు.

అక్క

*

బస్సుల షెడ్డు వెనక ఇల్లు,
ఆదివారం

అక్కా,

నీ దగ్గర ఏదీ దాగదు, చిన్నప్పుడూ ఇంతే.

డాక్టరుకి చూపించుకున్నాను. మీ మరదలికి చెప్పలేదు. నాన్నకి వచ్చిందే. చూపు మధ్యలో ఒక మసక మచ్చ. ఏది చూడాలనుకుంటే దాని మీదే వచ్చి కూర్చుంటుంది. చుట్టూతా బాగానే కనబడుతుంది. నీ ఉత్తరం లెన్సు పెట్టి, ఓరచూపుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. మందు లేదన్నారు. నిదానంగా పెరుగుతుందట.

ఇప్పుడు నువ్వు గుండెలు బాదుకోకుండా విను. ఆ దారి నాకు కొట్టిన పిండి. ఏ గుంట ఎక్కడో, ఏ గేటు ముందు ఏ కుక్క పడుకుంటుందో తెలుసు. నెమ్మదిగా వెళ్తాను. లైటు ఎర్రదా పచ్చదా అన్నది ఆయమ్మ చెబుతుంది. ఆవిడకి విషయం తెలుసు. నాలాగే ఆవిడకీ ఆ ఉద్యోగం తప్ప వేరే దిక్కు లేదు, అందుకే నోరు మెదపదు. ఇంతవరకు ఎవరికీ చీమ కుట్టినంత హాని కూడా జరగలేదు.

ఈ ఏడాది గడిస్తే చాలు. పిల్ల చదువు అయిపోతుంది. ఆ తర్వాత నేనే దిగిపోతాను. అక్కా, బస్సు దిగితే నేనెవర్ని చెప్పు. రైళ్ళు ఎలాగూ చేతికి దూరమవుతున్నాయి. ఇంట్లో కూర్చుని గోడ చూద్దామన్నా మధ్యలో మచ్చే కనబడుతుంది. నీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకు. బావకి కూడా.

నీ తమ్ముడు

*

మేడ మీది గది,
శుక్రవారం

తమ్ముడూ,

ఎవరికీ చెప్పలేదు. ల్యాబులో నిన్న ఒకావిడ కింది పలువరస పైదానికి బిగించాను, మా పెద్దాయన నా మొహం కేసి చూసి ఇంటికి వెళ్ళమన్నాడు. దారిలో ఒక స్కూలు బస్సు పక్క నుంచి పోయింది. కిటికీలోంచి ఒక పిల్ల నాకు చెయ్యి ఊపింది.

నాన్న ఒకసారి సైకిల్ మీద పోతూ నిన్నే గుద్దాడు. నీకు గుర్తుండదు, మరీ చిన్నవాడివి. నీ గడ్డం కింద మచ్చ అదే. ఎదురుగా వస్తున్న కన్నకొడుకు కనబడలేదు ఆయనకి. ఆ దారి కూడా ఆయనకి కొట్టిన పిండే.

నీ మాట నమ్మాలని నాకూ ఉంది. అందుకని ఒక పని చెబుతాను. ఈ పెట్టెలో చక్రాలు లేని వ్యాగన్లు, విడిగా ఒక డబ్బా ఇరుసులు పెట్టాను. నల్ల రింగు వ్యాగన్ తలుపున్న వైపుకి వచ్చేలా అన్నీ బిగించి పంపు. నువ్వొక్కడివే, నీ కళ్ళతోనే. మరదల్ని గానీ పిల్లని గానీ పిలవకూడదు. నువ్వు సరిగ్గా చూడగలుగుతున్నావని తెలిస్తే ఏడాది గడిచేదాకా నోరు కుట్టేసుకుంటాను. లేదంటే బస్సు దిగాలి. నా మీద ఒట్టేసి ఒప్పుకో.

అక్క

*

బస్సుల షెడ్డు వెనక ఇల్లు,
బుధవారం

అక్కా,

ఇదిగో నీ పెట్టె. నీ మీద ఒట్టు, ఇంట్లో ఎవర్నీ పిలవలేదు. తలుపేసుకుని నేనొక్కణ్ణే కూర్చుని బిగించాను. వెలుతురు బాగున్న చోట, నిదానంగా చూసుకుంటే ఇంకా కనబడుతుంది నాకు. అన్నీ పట్టాల మీద పెట్టి చూడు. ఒక్కటి షార్టయినా నేను నీ తమ్ముణ్ణే కాదు.

ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపట్టింది. మాట తప్పవని తెలుసు. ఇక ఆ గొడవ వదిలేద్దాం. నీ కొండ మళ్ళీ కట్టావా? ఈసారి సొరంగానికి తీసి పెట్టుకునే మూత పెట్టుకో, మళ్ళీ పగలగొట్టుకోనక్కర్లేకుండా. నీ ఇంజన్ కూడా ఒకసారి పంపు. దాని చప్పుడు వినాలనుంది.

నీ తమ్ముడు

*

మేడ మీది గది,
శనివారం

తమ్ముడూ,

అన్నీ పట్టాలెక్కించాను. ఒక్కటీ షార్టవలేదు. ఒక్క తప్పూ లేదు. ఆ తర్వాత కుర్చీలో కూలబడి ఏడ్చాను. మీ బావ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు.

విను. ఆ డబ్బాలో కొన్ని ఇరుసులు నేను పాడుచేసి పెట్టాను. అసలు రింగుని వెండి రంగుతో కప్పేసి, అవతలి చక్రానికి నల్ల పెయింటుతో దొంగ రింగు గీశాను. కళ్ళున్నవాడు ఎవడైనా ఆ నలుపు చూసి మోసపోతాడు. మీ బావ చేత ముందు చేయించి చూశాను, ప్రతిదానికీ మోసపోయాడు. మోసపోనంత తెలివైనవాడు కనీసం "ఇదేం పిచ్చి పనే అక్కా" అని అడుగుతాడు. నువ్వు మోసపోనూ లేదు, అడగనూ లేదు. నీకు ఆ రంగే కనబడలేదు. కరెంటు పాకితే కీచుమనే ఆ చేతి మీటరు ముల్లు ఒక్కో చక్రానికీ ఆనించి, అది కీచుమంటుందా లేదా అని విని బిగించావు. అవునా?

నువ్వు తప్పు చెయ్యాలని ఎంతగా కోరుకున్నానో నీకు తెలియదు. నాలుగు తప్పులు చేసి పంపి ఉంటే నీకు కళ్ళున్నట్టే కదా అనుకుని నిద్రపోయేదాన్ని.

రోడ్డు మీద అడ్డమొచ్చిన పిల్ల కీచుమనదు తమ్ముడూ. వచ్చే శనివారం లోపల నువ్వే వెళ్ళి తాళాలు ఇచ్చెయ్. నువ్వుగా చెబితే నీ మర్యాద నీకుంటుంది, ఆ స్కూల్లోనే వేరే పనేదైనా చూపించొచ్చు. పిల్ల చదువు సంగతి నేనూ మీ బావా చూసుకుంటాం. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.

అక్క

*

బస్సుల షెడ్డు వెనక ఇల్లు,
గురువారం

అక్కకి,

నువ్వు నా అక్కవా, పోలీసువా?

వలేసి పట్టుకున్నావు. మనిద్దరికీ తప్ప ఈ లోకంలో ఎవరికీ అర్థం కాని వల. ఆ రోజు మీటరు కీచుమన్నప్పుడల్లా ఎంత సంబరపడ్డానో. చూపు పోయినా ఈ పని నా చేతిలోంచి పోదని అనుకున్నాను. దాన్ని కూడా నా మీదికే తిప్పావు.

తాళాలు ఇవ్వను. ఏం చేసుకుంటావో చేసుకో. నన్ను ఇంట్లో కూర్చోబెట్టి నీ మొగుడి సంపాదనతో నా కూతుర్ని చదివిస్తావా? నాన్నని అలాగే కూర్చోబెట్టారు. వరండాలో, గోడ కేసి తిప్పి. ఆయన భోజనానికి తప్ప లేచేవాడు కాదు. చివరికి దానిక్కూడా లేవలేదు. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయావు, చూసింది నేను. అలా బతకమంటే నా వల్ల కాదు. అంతకన్నా ఉండకపోవడమే నయం అనిపిస్తోంది, నిజంగానే అనిపిస్తోంది.

నీ బండ్లన్నీ ఈ పెట్టెలో పంపుతున్నాను. తిరుగు లోడు వెయ్యలేదు. లైను మూసేశాను. నాకిక రాయకు, ఫోనూ చెయ్యకు.

*

మేడ మీది గది,
సోమవారం

నాన్నా, చిన్నోడా,

రాయొద్దన్నావు. రాయకుండా ఉండలేను. ఉండకపోవడమే నయం అని ఇంకోసారి అనకు. ఆ మాట చదివి మీ బావ చొక్కా వేసుకుని బయల్దేరతానన్నాడు. రేపు పొద్దున బండికి ఇద్దరం వస్తున్నాం. తిట్టు, తలుపు వేసెయ్, మెట్ల మీద కూర్చుంటాం. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దాం. చూపు గురించి కాదు, నీ మనసు గురించి.

ఇంకొకటి చెప్పాలి. మొన్న స్కూలుకి ఉత్తరం వేశాను. డ్రైవరుకి చూపు లేదు, పరీక్ష చేయించండి అని. పేరు రాయలేదు. పేరు పెట్టే ధైర్యం లేకపోయింది. నా తమ్ముడి మీద నేను ఆకాశరామన్న ఉత్తరం రాశాను. పోస్టు డబ్బాలో వేశాక మళ్ళీ చెయ్యి పెట్టి తీద్దామని చూశాను, చెయ్యి పట్టలేదు. ఇవాళో రేపో వాళ్ళకి అందుతుంది. నన్ను క్షమించమని అడగను. పిల్లలు క్షేమంగా ఉండాలి, నువ్వూ ఉండాలి, నాకు రెండూ కావాలి.

ఈ ఉత్తరం కన్నా నేనే ముందొస్తానేమో. అయినా రాస్తున్నాను, చేతులు ఊరుకోవట్లేదు.

అక్క

*

బస్సుల షెడ్డు వెనక ఇల్లు,
ఆదివారం

అక్కా,

నువ్వూ బావా ఇక్కడున్న రోజుల్లో నీతో సరిగ్గా మాట్లాడలేదు. డాక్టరు దగ్గరికి రమ్మంటే వచ్చాను, తినమంటే తిన్నాను. చెప్పాల్సింది మాత్రం నోటితో చెప్పలేకపోయాను. నువ్వు ఊరు దాటాక ఇప్పుడు రాస్తున్నాను. స్కూలుకి వచ్చిన ఆ ఉత్తరం నీదని నువ్వు చెప్పకముందే నాకు తెలుసు.

మీరొచ్చే ముందు రోజు, ఆ సోమవారం, ఆయమ్మ రాలేదు, జ్వరం. ఆవిడ బదులు ఎవరో కొత్తమ్మాయి వచ్చింది. ఆ పిల్లకి ఏం తెలుసు, లైట్ల సంగతి చెప్పమని ఎలా అడగను? అయినా తీశాను బస్సు. సాయంత్రం మందుల షాపు మలుపులో ఒక చిన్నపిల్లని దించాం. ఎప్పటిలా "రైట్" వినబడుతుందని ఆగాను. వినబడలేదు. ఎదురుగా చూశాను, రోడ్డు ఖాళీ. బ్రేకు వదిలాను. వెనక నుంచి ఒక పిల్లాడు మామూలుగా, పెన్సిల్ అడిగినంత మామూలుగా అన్నాడు, "అంకుల్, అది మీ ముందే ఉంది కదా" అని.

బ్రేకు తొక్కాను. మెడ పక్కకి తిప్పి, కోడిలాగా చూశాను. బస్సుకి నాలుగైదు అడుగుల దూరంలో ఉంది అక్కా. చెప్పు బక్కిల్ పెట్టుకుంటూ వంగి ఉంది. నేను సూటిగా దాని వైపే చూశాను, అక్కడ నాకు రోడ్డే కనబడింది. మచ్చ ఉంటుంది, నల్లగా ఉంటుంది, తెలుస్తుంది అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. మచ్చ కూడా లేదు. పిల్ల ఉండాల్సిన చోట రోడ్డు ఉంది.

తాళం తీసేశాను. రోడ్డు మధ్యలో బస్సు, వెనక హారన్లు, పిల్లలు ఎందుకాగామని ఒకటే గోల. షెడ్డులో ఇంకో డ్రైవరుకి ఫోన్ చేస్తే వాడొచ్చి పిల్లల్ని దించాడు. నేను స్కూలుకి నడిచి వెళ్ళాను. నువ్వు చెప్పావని కాదు, నీ మీద ఇంకా కోపంగానే ఉన్నాను. ప్రిన్సిపాల్ మేడమ్ బల్ల మీద తాళాలు పెట్టాను. మాట కూడదీసుకుంటున్నాను. మొదటి ముక్క ఇంకా నోట్లోనే ఉంది, ఆవిడ సొరుగులోంచి ఒక కాగితం తీసి తాళాల పక్కన పరిచింది. "ఇది వచ్చిందని తెలిసే వచ్చావన్నమాట" అంది.

కాదని చెప్పాను. నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? పొద్దున ఉత్తరం వచ్చింది, సాయంత్రం నేనొచ్చాను. పట్టుబడ్డవాడు పట్టుబడ్డట్టే మాట్లాడతాడు అన్నట్టు చూసింది. నాకు నేనుగా చేసిన ఒక్క మంచి పని కూడా నా చేతికి మిగల్లేదు. దానికి నిన్నేమీ అనను. నువ్వు రాసిన రోజున నేనింకా బస్సు నడుపుతూనే ఉన్నాను.

ఆవిడకి ఆ ఉత్తరం రాసినవాళ్ళ మీద కూడా ఒళ్ళు మండిపోతోంది. ఇన్నాళ్ళూ తెలిసి ఎవరు ఊరుకున్నారో తేలాలి, పోలీసులకి ఇస్తానంది. కాగితం నా వైపు తిప్పి, "ఈ చేతిరాత ఎవరిది?" అని అడిగింది.

అక్కా, ఈ మధ్య నాకు రాసేటప్పుడు లెన్సు అవసరం లేకుండా ఒక్కో అక్షరం వేలెడంత చేసి రాస్తున్నావు. దానికి నీ చెయ్యి ఎంత అలవాటుపడిపోయిందో నీకే తెలియలేదు. ఆ ఉత్తరం కూడా అలాగే రాశావు. బల్లకి ఇవతల కూర్చున్నవాణ్ణి, ఓరగా చూస్తే ప్రతి ముక్కా చదవగలిగాను. చివర ఏదో రాసి కొట్టేశావు, అది కూడా చదివాను. "మంచివాడు" అని రాసి కొట్టేశావు.

ఇన్నాళ్ళూ కనబడకపోయినా కనబడుతోందని అందరితో అబద్ధమాడాను. ఆ రోజు కనబడుతున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని, "నాకు కనబడదు మేడమ్" అన్నాను.

ఆవిడ వెంటనే నమ్మింది.

నీ తమ్ముడు